ఆరో గడి

గ్రీసుకి పోవాలి ఏసోబూ, అంది డాక్టరమ్మ.
ఇంజను పక్కనున్న డబ్బా తీసి ఇచ్చాను.
నవ్వి నవ్వి పున్నమిఘాట్ మెట్లమీద కూలబడింది.

అది దేశమట. అక్కడ తెరచాప పడవని
వారానికింతని అద్దెకిస్తారట, స్కూటీ ఇచ్చినట్టు.
తాళం చేతిలో పెట్టేముందు మాత్రం
కాగితాలు చూపించమంటారు.
నడపడం వచ్చని ఒకటి,
రేడియోలో మాట్లాడటం వచ్చని ఇంకొకటి,
పక్కనుండే రెండో మనిషికీ
తాడు పట్టడం తెలుసని ఒక సంతకం.
పరీక్షకి ముందు లాగ్‌బుక్కు నిండాలి:
ఎన్ని రోజులు, ఎన్ని మైళ్ళు, ఎన్ని రాత్రులు.

గుంటూరు కొత్తపేటలో ఎముకలు అతికే మనిషి.
ఆదివారం తెల్లారి ఐదున్నరకే కారు దిగేది,
కొండమీద మైకు ఇంకా గొంతు సవరించుకోకముందే.
తెరచాప మా తాతతోనే పోయింది.
పాత నావకి వెదురు నిలబెట్టి
ధాన్యం మీద కప్పే నీలం పట్టా కట్టాను.
ముడులు నేర్పే పని పడలేదు.
ఒకసారి చూసి, కళ్ళు మూసుకుని వేసింది.
ఆ ముడికి ఇంగ్లీషులో పేరుందట.
మా నాన్న దాన్ని ‘జారనిది’ అనేవాడు, అంతే.

దీపాల దగ్గరే తికమక. ఎడమ ఎరుపా, కుడి ఎరుపా?
దాపల పండుమిర్చి, వెలపల పచ్చిమిర్చి అన్నాను.
గుంటూరు మనిషి, ఇక మర్చిపోలేదు.
భవానీ ద్వీపం చుట్టూ తిరుగుతూ
ఉత్త పిడికిలి నోటిదగ్గర పెట్టుకుని
మేడే మేడే మేడే అని అరిచేది.
ఒడ్డున వల ఆరేస్తున్న సీతారావమ్మ
ఎవరో మునిగిపోతున్నారని లగెత్తుకొచ్చింది.

ఐదు గడులూ నిండాయి. ఆరోది:
ఆటుపోట్లున్న నీళ్ళలో గడిపిన రోజులు.
బ్యారేజీకి ఎగువన ఏం పోటు?
డెబ్బై తలుపులు ఎంతంటే అంత.
జీవితంలో ఆటుపోట్లని సినిమాల్లో అంటారుగా,
అవి రాసేద్దామా అన్నాను. కుదరదట.
కాసేపాగి, గొంతు తగ్గించి,
“మూడు రోజులని వేసేయ్, ఎవరు చూడొచ్చారు” అంది.

పెన్నుకి మూత పెట్టేశాను.
మా బావ తిమోతి పడవకి
తనిఖీ చేసినట్టు కాగితం ఉండేది.
జాకెట్లు పన్నెండు. ఎక్కినవాళ్ళు ముప్పై ఒక్కరు.
ఆ కాగితం మీద సంతకం చాలా బాగుంటుంది,
కింద గీత, గీత కింద రెండు చుక్కలు.
ఇంకేం అడగలేదామె.

ఆ శుక్రవారమే హంసలదీవి పోయాం.
పడవ మా మేనల్లుడిది, డీజిలు ఆమెది.
ఫోనులో పట్టిక చూసి
పదింటికి నీరు తీస్తుంది, ఇప్పుడే తిప్పుదాం అంది.
నలభై ఏళ్ళ సరంగుని నేను.
కాకినాడ పోర్టాఫీసు ముద్ర ఉంది నాకు.
నీళ్ళు ఎక్కడికి పోతాయమ్మా అన్నాను.

పోయాయి.
పడవ బురదలో ఒక పక్కకి ఒరిగి కూర్చుంది.
పీతలొచ్చి చూసి వెళ్ళాయి.
పులిహోర పొట్లం ఒకటి, మంచినీళ్ళ సీసా ఒకటి,
ఐదు గంటల నలభై నిమిషాలు.
ఆమె ఒక్కసారి కూడా ‘చెప్పానా’ అనలేదు.
అంటే బాగుండేది.
చప్పుడు లేకుండా తిరిగొచ్చింది నీరు,
ముందు పడవ కిందికి,
తర్వాత నా నలభై ఏళ్ళ కిందికి.

ఒడ్డుకొచ్చాక, కారు లైటు వెలుగులో
ఆరో గడిలో ఒకటి అని వేశాను.
రిమార్కులన్న చోట, ఇంగ్లీషు రాదు కాబట్టి,
తెలుగులోనే:
“నీరు తీసే వేళ అభ్యర్థి చెప్పింది.
సరంగు వినలేదు. పడవ మెట్టకెక్కింది.”
చివర నా సంతకం. చుక్కలు పెట్టలేదు.

ఇంకా రెండు రోజులు కావాలి.
వచ్చే శుక్రవారం పులిహోర
రెండు పొట్లాలు తెస్తానంది.